సరస్సు గడ్డకట్టుట పురోగతిలో ఉన్నది

మా జిల్లాలో నీళ్లు గడ్డకట్టే చోట్లు రెండే రెండు. ఒకటి బస్టాండు ఎదురుగా ఉన్న కూల్‌డ్రింకుల షాపులో ఫ్రిజ్జు, అదీ కరెంటు ఉన్నప్పుడు. రెండోది చేపల మార్కెట్టు వెనకున్న ఐసు ఫ్యాక్టరీ. ఈ రెండూ తప్పిస్తే మా వైపు నీళ్లకి ఆ అలవాటు లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాస్త చలి వేస్తే చెవులకి మఫ్లరు చుట్టుకుని, ఊరు ఊటీ అయిపోయిందని సంబరపడతాం. ఎండెక్కాక అదే మఫ్లరుతో చెమట తుడుచుకుంటాం.

అలాంటి జిల్లాకి ఓ సర్క్యులరు వచ్చింది. ఎక్కడో ఉత్తరాన, కొండల మధ్య గడ్డకట్టిన సరస్సు మీద ఎవరో ఫొటో దిగుతుంటే ఐసు విరిగిందట. మనుషుల్ని క్షేమంగానే బయటికి లాగారు గానీ, ఆ వార్త చదివి పైవాళ్ల గుండెలు కరిగిపోయాయి. ఇకమీదట దేశంలో ప్రతి జిల్లా, గడ్డకట్టిన సరస్సుల మీద చిక్కుకున్నవారిని రక్షించే వాహనం ఒకటి ఎంపిక చేసి కొని తీరాలని ఉత్తర్వు. చలి జిల్లాలకే ఇస్తే వేడి జిల్లాలపట్ల వివక్ష చూపినట్టవుతుందని కూడా అందులో ఉంది. మంచినీళ్ల పైపులు అడిగినప్పుడు రాని ఈ సమానత్వం ఐసు విషయంలో రావడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

నేను జిల్లా విపత్తుల కార్యాలయంలో సూపరింటెండెంటుని. విపత్తులు రాకుండా చూడటం మా పని అని బయట బోర్డు మీద ఉంటుంది. వచ్చాక వాటి వివరాలు పైకి పంపడమే మా పని అని లోపల అందరికీ తెలుసు. సర్క్యులరుతోపాటు ఓ ప్రశ్న కూడా వచ్చింది: "మీ జిల్లాలో సరస్సులు గడ్డకట్టుచున్నవా?" నేను వెర్రివాణ్ణి, "లేదు" అని జవాబు రాసి మా ఆఫీసరు పరాంకుశం గారి బల్ల మీద పెట్టాను.

పరాంకుశం గారు ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదు. ఆఫీసులో మాత్రం టీ కావలసి వచ్చినా "తేనీటి విషయమై తక్షణ చర్య తీసుకొనవలెను" అంటారు. ఆయన నా జవాబు చూసి కళ్లజోడు తీసేశారు.

"సూపరింటెండెంటు గారూ, 'లేదు' అను పదము ఈ కార్యాలయమున వాడబడదని తమరికి తెలియదా? పూర్వపు అధికారి గతి మరచితిరా?"

మరవలేదు. ఆయనకి ముందున్న ఆఫీసరుని ఒకసారి పైవాళ్లు, మీ జిల్లాలో ఏనుగుల బెడద ఉన్నదా అని అడిగారు. ఆ అమాయకుడు లేదని రాశాడు. వెంటనే, ఎందుకు లేదు, ఉన్న ఏనుగులు ఏమైనవి, అవి తగ్గుటకు బాధ్యులెవరు అని ఒకదాని వెనక ఒకటి మెమోలు వచ్చాయి. రిటైరై పెన్షను కోసం తిరుగుతూ కూడా ఆయన ఏనుగుల గురించి వివరణ రాస్తూనే ఉన్నాడు. అప్పట్నుంచీ మా ఆఫీసులో ఓ ఆచారం స్థిరపడింది. పైవాళ్లు ఏది అడిగినా లేదనకూడదు. ఉందంటే తెచ్చి చూపించమంటారు కాబట్టి ఉందనీ అనకూడదు. "పురోగతిలో ఉన్నది" అనాలి. ఆ మాటకి ఎదురు ప్రశ్న అప్పటికి ఎవరూ కనిపెట్టలేదు.

పరాంకుశం గారు నా "లేదు" కొట్టేసి, స్వహస్తాలతో రాశారు: "సరస్సు గడ్డకట్టుట పురోగతిలో ఉన్నది."

మా జిల్లాలో ఉన్న సరస్సు ఒక్కటే, నల్లమడ సరస్సు. దాని నడిమధ్యన పిల్లిలంక అనే ఊరుంది. లంక జనానికి బడి దాటిన చదువు కావాలన్నా, కిరసనాయిలు కావాలన్నా, ఆస్పత్రి కావాలన్నా సరస్సు దాటి ఇవతలి రేవుకి రావాల్సిందే. దానికి ప్రభుత్వం వారి మోటారు పడవ ఒకటుంది. భూలోకం అనే ఆయన దాన్ని నడుపుతాడు. పడవ ఇంజను క్షయరోగిలా దగ్గుతుంది. ఆ లంకలో నర్సుగా పనిచేసే గంగాభవాని, వేరే పడవ ఇప్పించమని మా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మా మెట్లు అరగదీసింది. ఆమె కాయితం కూడా మా దగ్గర పురోగతిలోనే ఉంది.

కొత్త వాహనం వస్తోందని ఎలా తెలిసిందో, మొహం చేటంత చేసుకుని వచ్చింది.

"బండి వత్తందంట కదండీ! నీళ్ల మీద పోద్దాండీ?"

"ఐసు మీద పోతుందమ్మా."

"ఐసెక్కడుందండీ?"

"పురోగతిలో ఉంది," అన్నాను. ఇంకేం అనను? నాకు తిండి పెడుతున్న మాట అది.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, "ఎండ దెబ్బేమో, కాస్త మజ్జిగ తాగండి," అని చెప్పి వెళ్లిపోయింది.

మరుసటి నెల పైనుంచి, ఎంత శాతం గడ్డకట్టినదో తెలుపమన్నారు. పరాంకుశం గారు కిటికీలోంచి ఆకాశం వంక చూసి పదిహేను అన్నారు. ఆ పై నెల నలభై. పురోగతి అన్నాక ముందుకే పోవాలి గానీ వెనక్కి రాకూడదు కదా. మార్చిలో, రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటున్న రోజుల్లో, మా సరస్సు అరవై అయిదు శాతం గడ్డకట్టింది. అదే నెలలో హిమాలయాల పక్కనున్న ఓ జిల్లావాళ్లు తమ ఐసు కరుగుతోందని ఉన్నమాట రాసి మెమో తిన్నారు. మాకు ప్రశంసాపత్రం వచ్చింది. దానికి అద్దం కట్టించి గోడకి తగిలించాం. దాని కింద ఫ్యాను తిరక్క మేమంతా ఫైలు అట్టలతో విసురుకుంటున్నాం.

ఇక వాహనం ఎంపికకి కమిటీ కూర్చుంది. రోడ్ల ఇంజనీరు, నీటిపారుదల ఇంజనీరు, రవాణా అధికారి, పశువైద్యాధికారి, అధ్యక్ష స్థానంలో పరాంకుశం గారు. జీడిపప్పు, బిస్కెట్లు వచ్చేదాకా ఎవరూ నోరు విప్పలేదు. వచ్చాక ఎవరూ ఆపలేదు.

"గడ్డకట్టిన నీటిపై మనుషులు నడుచుదురు గనుక అది రహదారి," అన్నారు రోడ్ల ఇంజనీరు. "అయితే నీటిపారుదల శాఖ లిఖితపూర్వకముగా అప్పగించిన గాని మేము స్వీకరించజాలము."

"ఘనరూపమున ఉన్ననూ నీరు నీరే," అన్నారు నీటిపారుదల ఇంజనీరు. "మా నీటిని ఒక్క చుక్క కూడా వదలము."

ఇద్దరూ లేని ఐసు కోసం పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల్లా కొట్టుకుంటుంటే, పశువైద్యాధికారి లేచి, చలి దేశాల్లో కుక్కలు లాగే చక్రాల్లేని బండ్లు వాడతారనీ, మన జిల్లా శునకసంపదను ఇందుకు వినియోగించవచ్చనీ సూచించారు.

"మన కుక్కలు బండి వెనక పరిగెడతాయి గానీ ముందు పరిగెత్తవండీ," అన్నారు రవాణా అధికారి.

"అట్లయినచో బండిని శునకముల ముందు అమర్చుటకు గల సాధ్యాసాధ్యములను పరిశీలింపుడు," అన్నారు పరాంకుశం గారు. ఆ మాట నేను మినిట్సులో రాశాను కూడా.

ఇదే అదను అనుకుని నేను లేచాను. గాలి మీద తేలే బండి ఒకటుందనీ, అడుగున రబ్బరు సంచిలాంటి దాంట్లోకి గాలి కొడుతుందనీ, ఐసు మీదా బురద మీదా నీళ్ల మీదా ఒకేలా పోతుందనీ చెప్పాను. మనసులో ఉన్నది గంగాభవాని. ఐసు ఎలాగూ రాదు, కనీసం ఆ లంకవాళ్లకైనా దారి దొరుకుతుందనుకున్నాను.

పరాంకుశం గారు జీడిపప్పు పళ్లెంలో పెట్టేశారు.

"నీటి మీద కూడా పోవునా?"

"పోతుందండి."

"అనగా సదరు వాహనమును ప్రజలు నిత్యము వాడుకొను ప్రమాదమున్నది! ఐసుకై మంజూరైన వాహనము నీటిపై తిరిగినచో అది నిధుల దుర్వినియోగము కాదా? రేపు ఆడిటువారికి ఎవరు సమాధానము చెప్పవలెను? ఐసు మీద తప్ప మరెక్కడా, ఎవరికీ, ఏ విధముగానూ ఉపయోగపడని వాహనమే కావలెను."

అందరూ బల్లలు చరిచారు. ఆ విధంగా, ముందు రెండు ఇనప పట్టాలు, వెనక రబ్బరు బెల్టు ఉన్న మంచు స్కూటరు ఎంపికైంది. నీళ్లలో పెడితే మునుగుతుంది, రోడ్డు మీద పెడితే కదలదు, ఇసకలో పెడితే కూరుకుపోతుంది. ఇంత నిజాయితీగల బండి మా జిల్లాకి ఎప్పుడూ రాలేదు.

ఏప్రిల్లో సరస్సు ఎనభై శాతం దాటేసరికి సర్క్యులరులో అంతవరకు ఎవరూ చూడని ఓ నిబంధన బయటపడింది. సరస్సు ముప్పాతిక వంతు గడ్డకట్టిన తరువాత అందులో పడవలు నడపడం నిషిద్ధం. పడవ తగిలి ఐసు పగిలితే నడిచేవాళ్లకి ప్రమాదం కదా. పరాంకుశం గారు వెంటనే పిల్లిలంక పడవకి తాళం వేసి సీలు వెయ్యమని ఉత్తర్వు ఇచ్చారు. రెవెన్యూ సిబ్బంది అదే పడవలో లంకకి వెళ్లి, దాన్ని గొలుసుతో రేవులో కట్టి, తాళం బిగించి, లక్క కరగబెట్టి ఎంతో చక్కగా సీలు వేశారు. తిరిగి ఎలా వెళ్లాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. లంకవాళ్లు చేపలకి వాడే థర్మోకోలు అట్టలు కలిపి కట్టిన తెప్ప మీద, ప్యాంట్లు మోకాళ్లపైకి మడుచుకుని, భయంతో వణుకుతూ వచ్చారు. థర్మోకోలు ప్రస్తావన నిబంధనల్లో లేదు గనక దానికి నిషేధం లేదు.

రెండో రోజునే గంగాభవాని వచ్చింది. చీర నడుం దాకా తడిసి ఉంది. ఈసారి నా బల్ల దగ్గర ఆగకుండా నేరుగా పరాంకుశం గారి గదిలోకి పోయింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"మా లంకలో మాణిక్యానికి నెలలు నిండొత్తన్నాయండీ," అంది. "ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. రగతం శానా పోయి, తల్లిని బతికించుకోడమే గగనమైపోయింది. ఈసారి పెద్దాస్పత్రిలోనే చెయ్యాలన్నారు డాక్టరమ్మ. దాన్ని థర్మోకోలట్ట మీద తెమ్మంటారాండీ? పడవ తాళం తియ్యండి. మీ కాళ్లట్టుకుంటాను."

పరాంకుశం గారు ఫైలు తిరగేసి, ఎంతో సౌమ్యంగా చెప్పారు.

"చూడమ్మా, సదరు సరస్సు ఎనభై మూడు శాతము గడ్డకట్టియున్నది. గర్భిణి నడచి రావచ్చును. నడక ఆరోగ్యమునకు మంచిదని మీ శాఖవారే ప్రచారము చేయుచున్నారు."

"మిగతా పదిహేడు శాతంలో మునిగిపోద్ది కదండీ!" అంది గంగాభవాని.

"అందులకే గదా రక్షణ వాహనము! వచ్చే నెల సంచాలకులవారి చేతులమీదుగా ప్రారంభోత్సవము కానున్నది. అంతవరకు సదరు ప్రసవమును వాయిదా వేసుకొనవలసినదిగా తెలియజేయుడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో క్రూరత్వం ఏమీ లేదు. అదే నాకు ఒళ్లు మండించింది. రాక్షసుడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఈయన నిజంగానే ఆమెకి ఓ సదుపాయం చేశాననుకుంటున్నాడు.

వరండాలోకి వచ్చాక గంగాభవాని చీర కుచ్చెళ్లు పిండుకుంది. తరవాత అడిగింది.

"ఆ తాళం ఎవరు కొన్నారండీ?"

"మా ఆఫీసే."

"ఎలా కొన్నారండీ?"

"ఎలా ఏముంది, టెండర్లు పిలిచి, అందరికన్నా తక్కువ రేటు వాడి దగ్గర."

"అయితే ఫర్వాలేదండి," అని ఆమె వెళ్లిపోయింది.

మే నెల వచ్చింది. రాజధాని నుంచి సంచాలకులవారు వస్తున్నారంటే సరస్సు నూటికి నూరు శాతం గడ్డకట్టక తప్పదు. కాయితం మీద అది ఎప్పుడో అయిపోయింది. మిగిలింది సరస్సు మీద. జిల్లాలో ఉన్న ఐసంతా స్వాధీనం చేసుకోమని హుకుం వెళ్లింది. చేపల మార్కెట్టులో సరుకు కుళ్లి ఊరంతా కంపు కొట్టింది. పెళ్లిళ్లలో రస్నా వేడిగా పోశారు. లారీలకొద్దీ ఐసు దిమ్మలు ఊకలో పొర్లించి, గోనెసంచులు కప్పి, రేవు దగ్గరకి తెచ్చారు. చేపల వలలు పరిచి, వెదురు తడికలు వేసి, వాటి మీద దిమ్మలు పేర్చి నీళ్లలోకి తోశారు. ఓ పెళ్లి పందిరంత మేర తెల్లగా తేలింది. ఎండ మాత్రం ఏ ఉత్తర్వునీ లెక్కచెయ్యకుండా కాస్తోంది.

సంచాలకులవారు ఫొటోల కోసం బొచ్చుకోటు వేసుకుని వచ్చారు. కారు దిగి నాలుగడుగులు వేసేసరికి ఆయన మొహం ఉడికిన బీట్‌రూటులా అయింది. ఐసు వంక చూసి, "ఈ ఊక ఏమిటి?" అన్నారు.

"మా ప్రాంతపు మంచు స్వభావమే అంతండి," అన్నారు పరాంకుశం గారు చేతులు కట్టుకుని. "ఊకతో కలిసే గడ్డకట్టును."

"వైవిధ్యభరితమైన దేశము మనది," అని సంచాలకులవారు మెచ్చుకున్నారు.

రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. స్కూటరు ముందు పట్టాల కింద నిమ్మకాయలు పెట్టారు. రక్షణ వాహనం మీద సంచాలకులవారు, వెనక ఆయన కోటు అంచు పట్టుకుని పరాంకుశం గారు. బండి గర్జించింది, ఊక లేచి బాజాభజంత్రీల వాళ్ల నోళ్లలో పడింది. కొంత దూరం ఠీవిగానే పోయింది. పరాంకుశం గారు మా వైపు తిరిగి చెయ్యి కూడా ఊపారు. ఆ చెయ్యి ఊపుతూ ఉండగానే కింద తడిక పట్టు తప్పి, ఐసు దిమ్మలు విడిపోయి, నిజాయితీగల ఆ బండి తన స్వభావం ప్రకారం మునిగిపోయింది.

లోతు మెడ దాకానే. అడుగున మాత్రం బురద, పిక్కల దాకా పట్టేసి వదలడం లేదు. బొచ్చుకోటు నీళ్లు తాగి సంచాలకులవారిని ఇంకా కిందికి లాగుతోంది. చుట్టూ ఐసు ముక్కలు, ఊక. పెద్దమనుషులిద్దరూ షర్బత్తులో నిమ్మగింజల్లా తేలుతున్నారు. ఒడ్డున మేమంతా ఆదుర్దాగా ఉన్నాం గానీ, దిగడానికి ఎవరికీ ఉత్తర్వు లేదు.

సరిగ్గా అప్పుడే లంక వైపు నుంచి దగ్గు వినపడింది. ఆ దగ్గు నాకు తెలుసు. భూలోకం పడవ. విరిగిన తాళంతో గొలుసుని పక్కనుంచి నీళ్లలో ఈడ్చుకుంటూ వస్తోంది. పడవలో నులకమంచం మీద మాణిక్యం, ఆమె తల ఒళ్లో పెట్టుకుని గంగాభవాని. మాణిక్యం పెట్టిన కేక విని, అంతవరకు లోలోపల నవ్వుకుంటున్న నాకు నవ్వు చచ్చిపోయింది. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎంతసేపటి నుంచి అలా కేకలు పెడుతోందో.

"పడవా! ఆపుము! మమ్ములను ఎక్కించుకొనుము!" అని పరాంకుశం గారు అరిచారు.

భూలోకం ఇంజను తగ్గించబోయాడు. గంగాభవాని తల ఎత్తింది.

"నూరు శాతం గడ్డకట్టింది కదండీ. నడిసొచ్చేయండి. నడక ఆరోగ్యానికి మంచిది!" అని, "పోనియ్యి భూలోకం బావా," అంది.

పడవ వాళ్ల పక్కనుంచే ఐసు దిమ్మల్ని చీల్చుకుంటూ రేవుకి వచ్చేసింది. ప్రారంభోత్సవం కోసం అలంకరణగా పెట్టిన అంబులెన్సులోకి మాణిక్యాన్ని ఎక్కించాం. దానిలో డ్రైవరుతోపాటు పెట్రోలు కూడా ఉండటం దేవుడి దయ. అది గేటు దాటాకే భూలోకం పడవ వెనక్కి తిప్పి, మా పెద్దల్ని ఒక్కొక్కరినీ చంకల కింద చెయ్యి వేసి పైకి లాగాడు. వాళ్లు ముందు తుమ్మారు, తరవాత పడవ నడపడానికి ఎవరు అనుమతించారని అడిగారు.

మాణిక్యానికి ఆపరేషను చేశారు. ఆడపిల్ల. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరిలో ఒకరే దక్కేవారని డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో గంగాభవాని గోడకి చేరబడి ఏడుస్తుంటే చూశాను. అంత గట్టి మనిషి ఏడవటం చూసి నేనూ ఆగలేకపోయాను.

వారం తిరక్కుండా పైనుంచి ప్రశ్న వచ్చింది: నూరు శాతం గడ్డకట్టిన సరస్సు కరుగుటకు బాధ్యులెవరు? పరాంకుశం గారు జలుబుతో ముక్కు చీదుకుంటూనే క్షణంలో తేల్చేశారు. గంగాభవాని నడిపించిన పడవ తగిలి ఐసు పగిలింది. ఆ కారణంగా సంచాలకులవారి ప్రాణాలకి ముప్పు వచ్చింది. ప్రభుత్వ ఐసుని ధ్వంసం చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో వివరణ ఇవ్వండంటూ మెమో. దాన్ని స్వయంగా అందజెయ్యడానికి నన్ను నియమించారు.

పిల్లిలంకకి పోవాలంటే ఆ పడవ తప్ప గతి లేదు. కాబట్టి పడవ నడిపినందుకు ఇచ్చే మెమోని పట్టుకుని ఆ పడవలోనే బయల్దేరాను. అదృష్టంకొద్దీ గంగాభవాని కూడా మందుల పెట్టెతో అందులోనే ఉంది. చేతికిచ్చాను. రెండుసార్లు చదువుకుంది. నీళ్ల మీద ఎండ పడి ఆమె కళ్లు చిట్లిస్తోంది.

"ఏం రాయాలండీ దీనికి? ఐసు లేదని రాసెయ్యనా?"

"అయ్యయ్యో, లేదని మాత్రం రాయకమ్మా," అన్నాను. "ఉద్యోగం పోతుంది."

"మరి?"

నా జేబులో పెన్ను తీసి ఇచ్చాను. నేను చెబుతుంటే, మెమో వెనక్కి తిప్పి, మందుల పెట్టె మీద పెట్టుకుని రాసింది: "వివరణ పురోగతిలో ఉన్నది."

అది పైకి వెళ్లింది. చర్య మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఎంత శాతం అయిందని ఒకసారి అడిగారు, పదిహేను అని రాశాం. పడవ దగ్గుతూనే తిరుగుతోంది. మొన్న టీకా వేయించడానికి మాణిక్యం బిడ్డని తీసుకుని అందులోనే వచ్చింది. పిల్ల తల నిలిపి, నా కళ్లజోడు లాగేసుకుంది.